కడప బండల మీద నౌకాయుద్ధం: ఒక్క పేజీ నిబంధనలతో ఆడి చూశాక

నౌకాయుద్ధాల ఆట అనగానే లావుపాటి నిబంధనల పుస్తకం, గంటలకొద్దీ లెక్కలు అనుకుంటారు. నేను కొన్నేళ్లుగా ఆడుతున్నది ఒకే పేజీలో పట్టే నిబంధనలతో, 1/3000 స్కేలు లోహపు ఓడలతో. ఆ స్కేలులో జర్మన్ల భారీ యుద్ధనౌక గ్రాఫ్ స్పీ కూడా ఆరు సెంటీమీటర్ల పైచిలుకే. రెండు పక్షాలూ ఒక స్వీటు డబ్బాలో సర్దుకుంటాయి. సముద్రమంటారా, మా కడప ఇంట్లో నేలంతా నల్లబండలే.

ముందుగా ఎవరి ఓడ ఎటు తిరుగుతుందో, ఎంత వేగమో చీటీ మీద రాసుకోవాలి. చీటీలు విప్పి ఓడలన్నీ ఒకేసారి కదపాలి. తర్వాత టేపుతో దూరం కొలిచి, ఫిరంగికొక పాచిక వేయాలి. దెబ్బ తగిలితే ఆ ఓడ కార్డులో ఒక గడి కొట్టేయాలి. అంతే. అసలు టెన్షన్ చీటీ రాసేటప్పుడే.

మేం ఎక్కువగా ఆడేది రెండో ప్రపంచ యుద్ధంలో, దక్షిణ అమెరికా తీరాన 1939 డిసెంబరు 13న జరిగిన రివర్ ప్లేట్ యుద్ధం. గ్రాఫ్ స్పీకి 11 అంగుళాల ఫిరంగులు ఆరు, రెండే టరెట్లలో (ఫిరంగులు అమర్చిన, తిరిగే గూళ్లు). ఎదురుగా 8 అంగుళాలవి ఆరు ఉన్న ఎక్సెటర్, 6 అంగుళాలవి ఎనిమిదేసి ఉన్న అజాక్స్, అకిలీస్. జర్మన్ గుండు 300 కిలోలు, అజాక్స్‌ది 50 కిలోల చిల్లర. లెక్కప్రకారం జర్మనే గెలవాలి. కానీ బ్రిటిష్ ఓడలు రెండు దిక్కుల నుంచి వచ్చేసరికి రెండు టరెట్లూ ఒకదాని మీదే గురిపెట్టాలా, పంచాలా అని తల పట్టుకోవాల్సిందే. ఎక్సెటర్ పని పట్టేలోపు చిన్నవి మీదికొచ్చేస్తాయి. వాటివైపు తిరిగితే, "బావా, ఎక్సెటర్ను వదిలేస్తాండావే!" అని మా బామ్మర్ది నవ్వుతాడు. నిజం యుద్ధంలోనూ గ్రాఫ్ స్పీ కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్ గురి మారుస్తూనే పోయాడు. ఒక్క పేజీలో ఆ ఇరకాటాన్ని పట్టుకున్నవాడికి దండం పెట్టాలి. అన్నట్టు, ఆ అకిలీసే 1948లో మన నౌకాదళంలో చేరి 'ఢిల్లీ' అయింది. మా పిల్లలు దానికోసమే కొట్టుకుంటారు.

నచ్చనిది ఒకటుంది. రెండు ఆర్లు పడితే మందుగుండు గది పేలి ఓడ మొత్తం పోతుంది. 1941 మే 24న బ్రిటిష్ యుద్ధనౌక హుడ్ అలాగే పోయింది, 1,418 మందిలో ముగ్గురే బతికారు, కాబట్టి తప్పనలేం. అయినా కాఫీ చల్లారకముందే ఒకరి ఆట అయిపోతే ఎలా? మేం దాన్ని ఒక టరెట్ పోయినట్టుగా మార్చుకున్నాం.

విమానవాహక నౌకలు, జలాంతర్గాములకు ఇది పనికిరాదు. అక్కడ కనబడని శత్రువును వెతకడమే ఆట, ఇక్కడ అన్నీ కళ్లెదురుగానే ఉంటాయి. మనిషికి నాలుగు ఓడలు దాటితే చీటీలు రాయడానికే పొద్దు సరిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 250 ఓడలు తలపడ్డ జట్లాండ్ పోరు ఆలోచన పెట్టుకోకండి.

ఓడలను అట్టముక్కలకు అతికించి, అట్టనే పట్టుకుని కదపండి. లేకపోతే సన్నటి ఫిరంగి గొట్టాలు వంగిపోతాయి. పొగకు దూది బాగుంటుంది గానీ, మే నెలలో కడపలో ఫ్యాను ఆపమనే ధైర్యం ఎవరికుంది? రూపాయి బిళ్లకు అతికిస్తే ఎగిరిపోదు.