గూగుల్ మ్యాప్స్ రివ్యూ: తిరుపతి లాడ్జి గురించి రాసేవాళ్లకి ఎంతవరకు అండ?

తిరుపతికి వచ్చేవాళ్లు ఇప్పుడు బస్టాండులో దిగకముందే ఫోన్లో నక్షత్రాలు చూసి గది ఎంచుకుంటున్నారు. అందుకే ఇక్కడ ఒక లాడ్జి గురించి నాలుగు మాటలు రాయడం చిన్న సంగతేమీ కాదు. ఆ మాటల్ని నలుగురికీ చేర్చడంలో గూగుల్ మ్యాప్స్‌కి 5కి 4 ఇస్తాం. రాసినవాళ్లకి అండగా ఉండటంలో మాత్రం 1.

ఆ ఒకటి ఎందుకంటే, "రాజ్యాంగం మాట్లాడే హక్కిచ్చింది, నా రివ్యూ ఎలా తీసేస్తారు?" అనే ప్రశ్న ఇక్కడ పెద్దగా పనిచేయదు. 19(1)(ఎ) అధికరణం ప్రధానంగా ప్రభుత్వం చేతులు కట్టడానికి పుట్టింది. గూగుల్ ప్రైవేటు కంపెనీ, దాని షరతులకు సరేనన్నాకే మనకు ఖాతా వచ్చింది. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు 4:1 మెజారిటీతో, 19 (మాట్లాడే స్వేచ్ఛ వంటివి), 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణాల హక్కుల్ని ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని చెప్పింది నిజమే. ఆ తీర్పు చూపిస్తే పోయిన రివ్యూ తిరిగొస్తుందని మాత్రం నమ్ముకోవద్దు.

పోలీసు బెదిరింపుల సంగతి వేరు. ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలు రాస్తే శిక్షించే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ సెక్షన్ పేరెత్తి ఎవరైనా భయపెడితే, లేని చట్టాన్ని చూపిస్తున్నట్టే. పరువునష్టం మాత్రం ఇప్పటికీ నేరమే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. అయితే లాడ్జి యజమాని నేరుగా స్టేషన్‌కి వెళ్లి ఎఫ్‌ఐఆర్ కట్టించలేడు, మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. కేసు తీసుకునే ముందు మేజిస్ట్రేటు మన మాట కూడా వినాలి. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలనుకుంటే, రాసిన రోజు నుంచి ఏడాదిలోపే వేయాలి.

అసలు చిక్కు భాషలో ఉంది. తిరుపతి రివ్యూలు తమిళులు, కన్నడిగులు కూడా చదువుతారు, యాప్ వాటిని దానంతటదే అనువదిస్తుంది. మనం "దోచుకున్నారు" అంటే రేటు ఎక్కువ పెట్టారని. అనువాదంలో అది నిజంగా దోపిడీ జరిగినట్టు కనిపించవచ్చు. "దొంగలు", "మోసం" లాంటి మాటలూ అంతే. నేరం అంటగట్టే మాట రాస్తే దాన్ని రుజువు చేసే బరువు కూడా మన నెత్తినే పడుతుంది. దాని బదులు ఇలా రాయండి: "శనివారం రాత్రి 11కి దిగాం. ఫోన్లో 1,200 అన్నారు, కౌంటర్లో 1,800 అడిగితే ఫోన్‌పే చేశాం. బిల్లు అడిగినా ఇవ్వలేదు. వేణ్ణీళ్లు ఉదయం 5 నుంచి 7 వరకే." ఇందులో తిట్టు లేదు, చదివినవాడికి కావలసినదంతా ఉంది. 356కి పది మినహాయింపులున్నాయి. మొదటిదాని ప్రకారం, ప్రజల మేలు కోసం చెప్పిన నిజం పరువునష్టం కాదు.

రూమ్‌బాయ్ పేరు, ఫొటో పెట్టకండి. రేటు పెంచినది యజమాని, ఉద్యోగం పోయేది ఆ కుర్రాడికి. "రాత్రి డ్యూటీలో కౌంటర్ దగ్గరున్నవారు" అంటే చాలు.

ఒకే పేరుతో రెండు మూడు లాడ్జిలు కనిపిస్తాయి. వీధి చూసుకోకుండా పక్కదానికి ఒక నక్షత్రం పెట్టేవాళ్లున్నారు, అది అన్యాయం. పనిచేసే చోటు గురించి ఉద్యోగులే రాయడం గూగుల్ నియమాలకు విరుద్ధం, తీసేస్తారు. పైగా అది ఉద్యోగానికీ ఎసరు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు ఆగకుండా పనిచేసినవాళ్లని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. రివ్యూ రాయడం సరైన కారణమా కాదా అనేది వాదనకు నిలిచే ప్రశ్న.

యజమాని రిపోర్టు కొడితే గూగుల్ చూసేది తన నియమం తప్పారా లేదా అన్నదే. ఎవరిది నిజమని తేల్చదు. రివ్యూ తీసేస్తే ముందు గూగుల్ ఫిర్యాదుల అధికారికి రాయండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు. అందుకే రాసిన రోజే స్క్రీన్‌షాట్, యూపీఐ ఎంట్రీ దాచుకోండి, ఆ ఫోన్‌ని కూడా మార్చేయకండి. కోర్టులో స్క్రీన్‌షాట్ చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ కావాలి.

యజమాని ఫోన్ చేసి డబ్బు తిరిగిస్తానంటే తీసుకోండి, రివ్యూ కింద "ఫలానా తేదీన తిరిగిచ్చారు" అని చేర్చండి. "డబ్బిస్తే తీసేస్తా" అని మాత్రం వాట్సాప్‌లో రాయకండి. ఆ ఒక్క మెసేజీ మీ మీదే బెదిరింపు కేసుకు దారి తీయగలదు.