నవోదయ బ్యాచ్ కలయిక: బరంపురంలోనా, విశాఖలోనా, డల్లాస్‌లోనా?

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ నవోదయల్లో చదివి విదేశాల్లో స్థిరపడినవాళ్లు బ్యాచ్ కలయిక అనగానే మొదట పడే గొడవ ఊరి గురించే. బరంపురం అని ఒకరు, హోటళ్లు బాగుంటాయని విశాఖ అని ఇంకొకరు, సగం మంది అమెరికాలోనే ఉన్నాం కదా డల్లాస్‌లో కానిచ్చేద్దాం అని మరొకరు. గ్రూపులో ఓటింగ్ పెడితే తేలదు, ఎక్కడున్నవాడు అక్కడికే వేస్తాడు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: రిటైరైన మాస్టార్లు, మెస్‌లో వండిపెట్టినవాళ్లు, ఊళ్లోనే ఉండిపోయిన స్నేహితులు రావాలా, అక్కర్లేదా?

రావాలంటే డల్లాస్ మాట మర్చిపోవచ్చు. ఒడిశావాళ్లు అమెరికా విజిటర్ వీసాకు హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వస్తారు. డెబ్భై దాటిన మాస్టారు ఇంటర్వ్యూకి హైదరాబాద్, ఆపైన అంత దూరం విమానం అంటే కుదిరే పని కాదు. ఇటు నుంచి చూస్తే చిక్కు వేరు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినవాడు ఇండియా వస్తే స్టాంపింగ్ చేయించుకుని గానీ తిరిగి వెళ్లలేడు. అలాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వాళ్ల కోసమే డల్లాస్‌ను చిన్న కలయికగా విడిగా పెట్టుకోవడం మంచిది. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవుకు పెట్టుకోండి. థాంక్స్ గివింగ్ వద్దు, టిక్కెట్లు మండిపోతాయి. హోటల్లో గదులు గంపగుత్తగా పట్టేటప్పుడు రెండు సంగతులు కాగితం మీద చూసుకోండి: మిగిలిన గదులు ఎప్పటిలోగా వదిలేయవచ్చు, నిండని గదులకు ఎంత కట్టాలి. ఎక్కువ మంది దెబ్బతినేది రెండో దాని దగ్గరే. ఇరవై, పాతిక మందే అయితే పెద్ద ఇల్లొకటి అద్దెకు తీసుకుంటే ఆ బాధే ఉండదు, బయటి తిండికీ అడ్డు చెప్పరు.

విశాఖ సంగతి. విమానాలున్నాయి, గదులున్నాయి, పిల్లలకు బీచ్ ఉంది. కానీ బరంపురం నుంచి రోడ్డు మీద దాదాపు 260 కిలోమీటర్లు. మాస్టార్లు రాను ఒక రోజు, పోను ఒక రోజు అలసిపోతారు, బడి మాత్రం కంటబడదు. రాయగడ, కోరాపుట్ బ్యాచ్‌లకైతే విశాఖే దగ్గర దారి, వాళ్లు దిగడానికి విశాఖ, కలవడానికి రాయగడ అనుకోవచ్చు. గంజాం, గజపతి వాళ్లకు విశాఖ పేరుకే మధ్యస్థం.

మా ఓటు బరంపురానికే. దిగడం భువనేశ్వర్‌లో, అక్కడి నుంచి జాతీయ రహదారి 16 మీద సుమారు 170 కిలోమీటర్లు. బస గోపాలపురంలో, బరంపురానికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. గది అడిగేటప్పుడే విదేశీ పాస్‌పోర్టు మీద దిగేవాళ్లు ఎందరో చెప్పండి. వాళ్ల వివరాలు హోటలువాళ్లు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. చిన్న లాడ్జిల్లో ఆ ఏర్పాటు ఉండదు, అర్ధరాత్రి సామాన్లతో నిలబడ్డాక గది లేదంటారు. విశాఖ నుంచి కారు మాట్లాడుకుంటే ఆల్ ఇండియా పర్మిట్ ఉందో లేదో అడగండి. లేకపోతే ఇచ్ఛాపురం దాటాక గిరిసోల చెక్‌పోస్టులో ఆగిపోతారు.

తేదీ విషయంలో దసరా సెలవులు ఊరిస్తాయి గానీ వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతిని ముంచేసింది. రెండూ నవరాత్రుల్లోనే. డిసెంబరు రెండో సగం మేలు. ధనుర్మాసం కాబట్టి పెళ్లిళ్లుండవు, కళ్యాణ మండపాలు ఖాళీ, బేరం కూడా ఆడొచ్చు. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా మాత్రం గోపాలపురం గదులకు పర్యాటకుల గిరాకీ, కాబట్టి దానికి ముందు ఆదివారం చూసుకోండి. ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టేటప్పుడే బడి శీతాకాల సెలవులు ఎప్పుడో అడగండి. సెలవుల్లో వెళితే తాళాలు చూసి రావాలి.

బడి నడిచే ఆదివారమైతే పిల్లలతో కలిసి మెస్‌లోనే భోజనం పెట్టించవచ్చు. ఆరు నుంచి పన్నెండు దాకా తరగతికి 80 మంది చొప్పున 560, సిబ్బందీ మీరూ కలిపి 650 అనుకోండి. తలకు 150 గ్రాముల చొప్పున బియ్యం 100 కిలోలు, కోడి మాంసం 100 కిలోలు, తలకు 35 గ్రాముల లెక్కన పప్పు 23 కిలోలు. శాకాహారులకు పనీరు విడిగా. కోడి ఉదయం ఆరింటికల్లా దిగాలి, ఎనిమిదింటికి వస్తే భోజనం మూడింటికి. పిల్లలకు ముందు వడ్డించండి. ఆదివారం ఎందుకంటే మార్గశిర గురువారాలు ఒడియా ఇళ్లలో లక్ష్మీపూజ, నీచు ముట్టరు. సోమవారం కూడా చాలామందికి నిషేధమే.

వేదిక మీద మాస్టార్లకు చేతులున్న కుర్చీలు వేయండి, ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేరు. సన్మానాలు మొదటి గంటలోనే, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. పాత ఫొటోలు ప్రొజెక్టర్ మీద వేస్తామంటారు, పగటి వెలుగులో షామియానా కింద ఏమీ కనబడదు, పెద్ద ప్రింట్లు తీసి తాడుకు కట్టండి. బ్యాడ్జి మీద ఉద్యోగం, కంపెనీ వద్దు. బడిలో ఎవరు ఏ హౌస్ (పిల్లల జట్టు)లో ఉండేవారో దాని రంగు పట్టీ వేయండి: అరావళికి నీలం, నీలగిరికి ఆకుపచ్చ, శివాలిక్‌కు ఎరుపు, ఉదయగిరికి పసుపు. దాని మీద బడిలో పిలిచిన పేరు, బొటనవేలంత అక్షరాల్లో. తొమ్మిదో తరగతిలో నవోదయల మధ్య మార్పిడి మీద హిందీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లనూ పిలవాలి కాబట్టి తెలుగు ఒక్కటే కాకుండా ఒడియా, హిందీ అక్షరాల్లో కూడా.

డబ్బు దగ్గర ఒక జాగ్రత్త. బడికి సాయం, కలయిక ఖర్చు ఒకే ఖాతాలో కలపొద్దు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాడు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ దృష్టిలో విదేశీ మూలమే, ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని పూర్వవిద్యార్థుల సంఘం అతని విరాళం తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేదానికి ఆ అడ్డు లేదు. గది అద్దె ఎవరిది వాళ్లు నేరుగా హోటలుకే కట్టెయ్యాలి. గ్రూపులో వస్తాం వస్తాం అన్నవాళ్లను లెక్కించకండి, డబ్బు కట్టినవాళ్లనే లెక్కించి వంట చెప్పండి. రైల్లో వచ్చేవాళ్లకు ఇప్పుడు 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తారు, కాబట్టి తేదీ అక్టోబరు మొదటివారానికల్లా ఖాయం కావాలి.