ఆయిల్ షోరూంలో మార్పించాలా, మేస్త్రీ షెడ్డులోనా? టైర్ల సంగతేంటి?

తిరుపతిలో చిన్న పెట్రోలు కారుకి రేణిగుంట రోడ్డులోని ఏ షోరూంలో ఏడాది సర్వీసు చేయించినా బిల్లు అయిదారు వేలకి తగ్గడం లేదు. అదే కారుని కొర్లగుంటలోనో కరకంబాడి రోడ్డులోనో తెలిసిన మేస్త్రీ దగ్గర పెట్టి ఆయిల్, ఫిల్టర్ మార్పిస్తే మూడు వేల లోపు తేలిపోతుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి షోరూం వాళ్లు దోచేస్తున్నారని తిట్టుకోవడం మన ఊళ్లో మామూలే. కానీ ఆ రెండు బిల్లుల్లో ఉన్నవి ఒకే పనులు కావు.

షోరూం బిల్లు చేతిలో పట్టుకుని చూడండి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్, లేబర్, వీటి మీద 18 శాతం జీఎస్టీ. అసలు పని ఇంతే. ఇక్కడితో ఆగితే షెడ్డుకీ షోరూంకీ తేడా పదిహేను వందల చుట్టూ ఉంటుంది, అదీ ఎక్కువగా లేబరే. ఆ లేబర్లో బ్రేకులు విప్పి శుభ్రం చేయడం, కంప్యూటర్ తగిలించి చూడడం, సర్వీసు రికార్డులో ఎక్కించడం ఉంటాయి కాబట్టి మరీ దండగ అనలేం. బరువంతా కింది లైన్లది: ఇంజిన్ ఫ్లష్, ఏసీ డిసిన్ఫెక్టెంట్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్. కారు అప్పగించేటప్పుడు అడ్వైజర్ ట్యాబ్‌లో టకటకా టిక్కులు పెట్టుకుంటూ పోతాడు. "పోయినసారి ఇది చేయించలేదు సార్, ఈసారి వేసేస్తున్నా" అంటాడు. "మాన్యువల్లో ఈ కిలోమీటర్లకి ఏముందో అదే చేయండి, మిగతావి తీసేసి ఎస్టిమేట్ ఇవ్వండి" అంటే చాలు, మొహమాటం అక్కర్లేదు. నా లెక్కలో షోరూం ఖరీదు సగం మన మొహమాటం ఖరీదే.

షెడ్డులో పేచీ డబ్బుతో కాదు, ఆయిల్‌తో. పాత మేస్త్రీలకి చిక్కటి ఆయిల్ అంటే నమ్మకం. ఇంజిన్ చల్లగా నడుస్తుందని 20డబ్ల్యూ-40 గ్రేడు పోసేస్తారు (ఈ అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని చెప్తాయి). పదిహేనేళ్ల కిందటి బండికి అది నడిచిపోయేదేమో, ఇప్పటి చిన్న పెట్రోలు ఇంజిన్లకి 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి పల్చటివే కంపెనీ రాస్తోంది. చిక్కటిది పోస్తే ముందు దెబ్బ తినేది మైలేజీ. "సామీ, ఆయిల్ నల్లగా అయిపోయింది, మార్చేద్దామా?" అనే మాటకీ లొంగొద్దు. ఇంజిన్లోని మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ పనే కాబట్టి నల్లబడుతుంది. డీజిల్ బండ్లలోనయితే కొత్తది పోసిన కొద్ది రోజులకే నల్లగా కనిపిస్తుంది. మార్చాల్సింది కిలోమీటర్లనో నెలలనో బట్టి, రంగుని బట్టి కాదు.

అందుకే షెడ్డుకి వెళ్లేవాళ్లు ఆయిల్, ఫిల్టర్ తామే కొనుక్కెళ్లడం మేలు. మాన్యువల్లో రాసిన గ్రేడు చూసి, బిల్లు ఇచ్చే షాపులో సీలు డబ్బా తీసుకోండి. సీలు మీ ముందే తీయించండి. పాత ఆయిల్ ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడు దించాలి, సన్నటి ధార చుక్కలుగా మారేదాకా ఆగాలి. తొందరపడి బోల్టు బిగించేస్తే కొంత పాతది లోపలే ఉండిపోతుంది. పోసేటప్పుడు డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్యకి వస్తే చాలు, పై గీత దాటనివ్వద్దు. చాలా చిన్న కార్లకి మూడు, మూడున్నర లీటర్లే పడుతుంది. నాలుగు లీటర్ల డబ్బాలో మిగిలింది మీ డబ్బే, ఇంటికి తెచ్చుకోండి. ఖాళీ డబ్బాకి ఒక కన్నం పొడిచి మరీ వదలండి, అందులో నకిలీ ఆయిల్ నింపి అమ్మే వ్యాపారం ఒకటి ఉంది.

మామూలు మినరల్ ఆయిలా, ఎక్కువ దూరం నడిచే సింథటిక్ ఆయిలా? సుమారు రేట్లతో లెక్క వేద్దాం. మూడున్నర లీటర్ల ఇంజిన్, ఫిల్టర్ 150, కూలి 300. లీటరు 350 రూపాయల మినరల్ పోస్తే 1,675 అవుతుంది, అయిదు వేల కిలోమీటర్లకి మార్చాలి, అంటే కిలోమీటరుకి 33 పైసలు. లీటరు 700 పెట్టి సింథటిక్ పోస్తే 2,900, పది వేలు నడుస్తుంది, కిలోమీటరుకి 29 పైసలు. డబ్బా మీద రేటు చూసి భయపడేవాళ్లకి ఈ లెక్క తెలియాలి. పైగా షెడ్డు ముందు ఒకసారి పడిగాపులు తప్పుతాయి. ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగని ఇంటి కారయితే లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే తిరిగినా తిరక్కపోయినా ఏడాదికి ఒకసారి మార్చాల్సిందే. అలాంటి పాత బండికి, మాన్యువల్ ఒప్పుకుంటే, మినరలే చవక. కొత్త బండ్లకి ఆ అవకాశం లేదు.

తిరుమల ట్యాక్సీల లెక్క వేరు. రోజూ కొండెక్కి దిగే బండిలో ఇంజిన్ ఎండాకాలమంతా చిన్న గేర్లలో మూలుగుతూనే ఉంటుంది. దిగేటప్పుడు కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది టీటీడీ నియమం. మెల్లగా, గేరులోనే దిగాలి. కొండదారులు, దుమ్ము, ఆగి ఆగి నడపడం ఉంటే గడువు తగ్గించుకోమని మాన్యువళ్లే చెప్తాయి. ఆ బండ్లకి సింథటిక్ పోసినా ఏడు, ఏడున్నర వేలకి మార్చేయడం మేలు. ఏడాదికోసారి దర్శనానికెళ్లే కారుకి ఈ బెంగ అక్కర్లేదు.

ఇక టైర్లు. వీటి పనికి షోరూం అక్కర్లేదు, పంచర్ షాపూ వద్దు, అలైన్‌మెంట్ (చక్రాల వాలు సరిచేసే) మిషన్ ఉన్న టైర్ల షాపే సరి. ఒట్టి రొటేషన్, అంటే టైర్లని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మార్చడం, రెండు నుంచి నాలుగు వందలు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు కలిపితే వెయ్యి దాకా. షోరూంలో ఇదే "వీల్ కేర్" పేరుతో కొంచెం ఎక్కువకి వస్తుంది. రొటేషన్ చేయిస్తే టైర్ల ఖర్చు సగమవుతుందని చెప్పేవాళ్లని మాత్రం నమ్మకండి. రబ్బరు ఎక్కడున్నా అరుగుతుంది. లాభం వేరే చోట ఉంది. ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పే మన కార్లలో ముందు టైర్లు తొందరగా అరుగుతాయి, ఘాట్ మలుపుల్లో వాటి అంచులు ఇంకా ముందు పోతాయి. మధ్యలో గాడులు బాగానే ఉండి అంచు మాత్రం నున్నగా అయిన టైరుని పారేయక తప్పదు, అక్కడ పోతుంది డబ్బు. రొటేషన్‌తో ఆ అరుగుదల నాలుగింటికీ సమంగా పంచుకుంటుంది. తక్కువ తిరిగే కార్లలోనయితే వెనక టైర్లు అరక్కముందే ముసలివైపోతాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం, ఒకసారి చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అయినా నాలుగు టైర్లంటే ఇరవై వేల మాటే. మన జిల్లాలోనే చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీ పెట్టుకుని కూడా మనకేం తగ్గింపు లేదు లెండి.

పది వేలకోసారి, ఆయిల్ మార్పించే రోజునే, ముందు టైర్లు నేరుగా వెనక్కి, వెనకవి అడ్డంగా ముందుకి మార్పించాలి. పక్కన బాణం గుర్తున్న టైర్లయితే ఏ వైపువి ఆ వైపే. స్టెప్నీ సైజు వేరయితే దాన్ని ఇందులోకి లాగొద్దు.

మొత్తం మీద నా మాట ఇది: వారంటీ ఉన్నన్నాళ్లూ ఆయిల్ షోరూంలోనే, అడ్డమైన లైన్లు కొట్టేయించి. రేపు ఇంజిన్‌కి ఏదైనా వస్తే మొదట అడిగేది సర్వీసు రికార్డే. వారంటీ అయ్యాక మీరు కొన్న ఆయిల్‌తో మేస్త్రీ దగ్గరకి. ఇంట్లో సొంతంగా మార్చుకుంటే మిగిలేది ఆ మూడు వందల కూలి, దానికి జాకీ కింద దూరాలి, వాడిన ఆయిల్ ఎక్కడ పోయాలో వెతుక్కోవాలి, నాకయితే గిట్టుబాటు కాదు. టైర్లు ఎప్పుడైనా టైర్ల షాపులోనే, అదీ నట్లకి చివరి బిగింపు మిషన్ గన్‌తో కాకుండా చేత్తో పానా పెట్టి చేసే చోట. గన్‌తో బిగించేసిన నట్టు భాకరాపేట ఘాట్‌లో పంచరైనప్పుడు డిక్కీలోని చిన్న పానాకి ఊడి రాదు.