హోప్ ఐలాండులో ఈబర్డ్ యాప్: వాడి చూశాక

కాకినాడ నుంచి పడవలో హోప్ ఐలాండుకు వెళ్లేటప్పుడు సిగ్నల్ పోయినా, ఆ ప్రాంతపు పక్షుల జాబితాను ముందే దించుకుని ఉంచితే, చూసిన పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ అనే ఈ ఉచిత యాప్ సమయాన్నీ తిరిగిన దూరాన్నీ తానే నమోదు చేసుకుంటుంది. ఇసుక తిన్నె అంచున ఉల్లంకి పిట్టలను లెక్కపెడుతూ, తడి బొటనవేలితో 40కి బదులు 4000 నొక్కాను; అంత సంఖ్య నిజమేనా అని అది వెంటనే అడగడం నాకు బాగా నచ్చింది.

అయితే ఇది పక్షులకే పరిమితం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల ప్రాంతంలో నీటికుక్కలు, బావురు పిల్లులు, తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా ముఖ్యమే కనుక, వాటి కోసం చిన్న పుస్తకమూ పెన్సిలూ తప్పవు (ఉప్పునీటి తుంపరకు పెన్ను సిరా అలుక్కుపోతుంది). తాబేళ్ల గూళ్లున్న చోట్లను మాత్రం నేను ఏ యాప్‌లోనూ బహిరంగంగా పెట్టను.