మూడేళ్లు అంకితో జపనీస్ నేర్చుకున్నాక

అంకి ఆప్ వేసుకుని మూడేళ్లు దాటింది. మధ్యలో పన్నెండు రోజులు తప్ప (అక్క పెళ్లి, ఆ కథ కింద చెప్తాను) రోజూ తెరిచాను. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో (ఎన్5 అన్నిటికంటే తేలిక, ఎన్1 కష్టం) ఎన్5, ఎన్4 పాసయ్యాను, ఎన్3 ఒకసారి పోయింది, రెండోసారి గట్టెక్కాను. వారం వాడి ఐదు స్టార్లు ఇచ్చే రివ్యూ కాదిది.

తెలియనివాళ్ల కోసం: జపనీస్‌లో అంకి అంటే బట్టీ పట్టడం. డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన తను జపనీస్ నేర్చుకుంటూ 2006లో చేసిన సాఫ్ట్‌వేర్ ఇది. కార్డుకి ముందు ప్రశ్న, వెనక జవాబు. గుర్తుంటే ఆ కార్డు నాలుగు రోజులకి, పది రోజులకి, నెలకి అలా దూరం జరుగుతుంది, మర్చిపోతే మళ్లీ నెత్తిమీదికొస్తుంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో కొనాలి. చూడ్డానికి పాతకాలం బ్యాంకు కౌంటర్లో స్క్రీన్‌లా ఉంటుంది, అందం కోసం వెళ్లకండి.

మొదటి తప్పు నాదే. రోజుకి 20 కొత్త కార్డులు అని ముందే పెట్టి ఉంటుంది, 20 ఏముందిలే అని వదిలేశాను. నెల తిరిగేసరికి పాతవే రోజుకి 150 దాకా అడగడం మొదలుపెట్టింది. అప్పుడే పెళ్లి వచ్చింది. తిరిగొచ్చి రోజువారీ లిమిట్ ఎత్తేసి చూస్తే బాకీ కొండంత, వడ్డీ కట్టని అప్పులాగా. కొత్తవి పూర్తిగా ఆపేసి అది తీర్చడానికి నెల పట్టింది. ఇప్పుడు రోజుకి 8 కొత్తవి, అంతే.

రెండో తప్పు, నెట్‌లో దొరికిన ఇంగ్లిష్ కార్డులు ఏడాదిపాటు రుద్దడం. జపనీస్ వాక్యం చదివి, దాన్ని ఇంగ్లిష్‌లోకి తలకిందులు చేసి, మళ్లీ వెనక్కి తిప్పుకునేవాణ్ణి. ఒకరోజు ‘తబెతె మిరు’ అనే కార్డు వచ్చింది. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. తిని చూడటం! మనం అనేదే కదా, దీనికి ఇంగ్లిష్ వివరణ ఎందుకు చదువుతున్నానా అని నవ్వొచ్చింది. ఆ తర్వాత వెతికితే అంతా అదే వరస: ‘తబెతె షిమత్త’ అంటే తినేశాను, ‘కత్తె ఒకు’ అంటే కొని పెట్టుకోవడం, ‘కినో కత్త హొన్’ అంటే నిన్న కొన్న పుస్తకం, ‘ఇకు తొ ఇత్త’ (వెళ్తాను అని అన్నాడు)లో ఆ ‘తొ’ మన ‘అని’. క్రియ చివరికే వస్తుంది, విభక్తి మాట వెనకే వస్తుంది. కార్డుల వెనకవైపు తెలుగులో నేనే రాసుకోవడం మొదలుపెట్టాక వ్యాకరణం సగం బరువు తగ్గింది. ఉచ్చారణకి కూడా మన లిపి పనికొస్తుంది: ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే బామ్మ, కితె అంటే రా, కిత్తె అంటే పోస్టల్ స్టాంపు. దీర్ఘం, ఒత్తు విడిగా రాసుకునే మనకి అది కష్టం కాదు. మాట వెనక తగిలించే ‘వ’కీ ‘గ’కీ తేడా దగ్గర మాత్రం తెలుగు చేతులెత్తేస్తుంది, అది నాకు ఇప్పటికీ తలనొప్పే.

ఇక కాంజీ, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాల సంగతి. ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డుకి అంకి జలగ అని ముద్రవేసి పక్కన పడేస్తుంది. నా జలగల్లో పెద్దవి మత్సు (ఎదురుచూడటం), మొత్సు (చేత్తో పట్టుకోవడం). రెండింటికీ కుడివైపు గుడి గుర్తే. ఎడమవైపు మొత్సుకి చెయ్యి, మత్సుకి అడుగులు. గుడి ముందు అటూ ఇటూ అడుగులేస్తూ ఎవరికోసమో చూస్తున్న మనిషిని ఊహించుకున్నాక మళ్లీ తప్పలేదు. అదే కార్డుని ఇంకో ఇరవైసార్లు చూసినా ఆ పని అయ్యేది కాదు. జలగ అయిందంటే కార్డు మార్చాలి, అంతే.

ఇక అంకి చెయ్యనిది. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, నేనూ ఎన్4 దాకా నోరు తెరవలేదు. ఆఫీసులో మొదటిసారి జపాన్ క్లయింటుతో కాల్, ఆయన చెప్పేది అర్థమవుతోంది, మర్యాదగా మౌనంగా వింటున్నాను. ఆయన మధ్యలో ఆగి ‘మొషిమొషి, కికొఎమస్ క?’ అన్నాడు. వినిపిస్తోందా అని! కాసేపటికి మళ్లీ అదే. తర్వాత మా టీం లీడ్ చెప్పింది, వాళ్ల దగ్గర వినేవాళ్లు ‘హై’, ‘ఎ’, ‘సో దెస్ నె’ (అవును, అలాగా అన్నట్టు) అంటూ ఉండాలట, దానికి ఐజుచి అని పేరు కూడా ఉందట. అంటే ఊ కొట్టడం! మా తాతయ్య కథ చెప్తూ ఊ వినపడకపోతే ‘పడుకున్నావురా?’ అనేవాడు, ఆయన జపాన్ వెళ్లుంటే నాకంటే బాగా నెగ్గుకొచ్చేవాడు.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు అరగంట ట్యూటర్‌తో మాట్లాడుతున్నాను, అంకికి పొద్దున బస్సులో ఇరవై నిమిషాలే. ట్యూటర్ దగ్గర తడబడిన వాక్యమే మర్నాడు కొత్త కార్డు. డిసెంబరులో ఎన్2 రాస్తాను, చెన్నై సెంటరే పెట్టుకుంటా.