వాలుదిండుతో మూడు నెలలు: గొంతుకు మేలు చేసింది, ఉబ్బసానికి మందు మాత్రం కాదు

నాకు ఉబ్బసం చిన్ననాటి నుంచి ఉంది. రెండేళ్లుగా దానికి తోడు, బడిలో మొదటి పీరియడ్‌లో పద్యం ఎత్తుకోగానే గొంతు బొంగురుపోవడం, పాఠం మధ్యలో పదేపదే గొంతు సవరించుకోవలసి రావడం, ఎంత మింగినా దిగని ముద్ద ఏదో అడ్డుపడినట్టు ఉండడం మొదలయ్యాయి. ఛాతీలో మంట లేకపోవడం వల్ల కడుపును అనుమానించలేదు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వల్లనే అనుకుని, స్పేసర్ (మందు నేరుగా గొంతుకు తగలకుండా ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి పీల్చి, ప్రతిసారీ నోరు పుక్కిలించినా ఫలితం లేకపోయింది. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరుగారు సన్నని కెమెరా గొట్టంతో చూసి, కడుపులోని ఆమ్లం గొంతు దాకా తన్నుకొస్తున్నదనీ, స్వరపేటిక వెనుక భాగం వాచి ఎర్రగా ఉన్నదనీ చెప్పారు. భోజనానికి అరగంట ముందు వేసుకోవలసిన, ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర రాసి ఇస్తూ, రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలనీ, మంచం తలవైపు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తుగా ఉండాలనీ సూచించారు. ఆ ఎత్తు కోసమే ఈ వాలుదిండును ఆన్‌లైన్లో 2,100 రూపాయలకు కొన్నాను.

మామూలు దిండ్లు రెండు మూడు పేర్చుకుంటే సరిపోదా అని ఇంట్లో అడిగారు. నేనూ ముందు అదే చేసి చూశాను. అలా చేస్తే తల, మెడ మాత్రమే లేస్తాయి. నడుము దగ్గర శరీరం ముడుచుకుని పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది గనుక ఆమ్లం ఇంకా తేలికగా పైకి వస్తుంది. వాలుదిండు నడుము పైనుంచి తల దాకా ఒకే వాలుగా ఉండాలి. నేను కొన్నది ఏడంగుళాల ఎత్తు, సుమారు రెండడుగుల పొడవు; నా ఎత్తుకు అది చాలింది గానీ పొడగరులు ఇంకా పొడవైనది చూసుకోవాలి.

డబ్బా విప్పిన రోజే పెద్ద చిక్కు వచ్చింది. కొత్త ఫోమ్ నుంచి రంగుల దుకాణంలో వచ్చేలాంటి ఘాటైన వాసన వచ్చింది. ఆ రాత్రి దానిమీద పడుకున్న గంటకే ఛాతీలో పిల్లికూతలు మొదలై, లేచి, శ్వాసనాళాలను వెంటనే విప్పే సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు తీసుకోవలసి వచ్చింది. ఉబ్బసం ఉన్నవారు కూడా కొనే వస్తువుకు ఈ వాసన గురించి హెచ్చరిక ఒక్క ముక్క కూడా రాయకపోవడం అన్యాయం. అయిదు రోజులు డాబా మీద నీడలో గాలికి పెట్టాక గానీ వాసన పోలేదు.

ఆ తరువాత మూడు వారాలకు తేడా కనబడింది. తెల్లవారుజామున దగ్గుతో లేవడం తగ్గింది, మొదటి పీరియడ్‌లో గొంతు సవరించుకోకుండా పాఠం సాగుతోంది. దిండుతో పాటే మందు, రాత్రి ఏడింటికే భోజనం కూడా మొదలుపెట్టాను గనుక ఘనత మొత్తం దిండుకు కట్టబెట్టలేను. అయితే బంధువుల ఇంట పెళ్లికి వెళ్లి నాలుగు రాత్రులు చాప మీద పడుకున్నప్పుడు, మందు వేసుకుంటూనే ఉన్నా గొంతు మళ్లీ మొరాయించింది. (ఆ నాలుగు రోజుల్లో తిన్న గోంగూర, గారెల పాత్ర కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.)

అమ్మకందారు పేజీలో మాత్రం «ఆస్తమాను తగ్గిస్తుంది» అని ఉంది. ఈ మాట నమ్మదగినది కాదు. రోజూ పొద్దున, రాత్రి పీక్ ఫ్లో మీటరు (ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పరికరం) ఊది రాసుకునే అలవాటు నాకుంది; దిండుకు ముందు 330, 340 మధ్య ఉన్న అంకె మూడు నెలల తరువాత కూడా దాదాపు అక్కడే ఉంది. ఆమ్లం శ్వాసనాళాలను రేపగలదన్నది నిజమే గానీ, దాన్ని అదుపు చేసినంత మాత్రాన ప్రతివారికీ ఉబ్బసం అదుపులోకి రాదు. అదుపులో లేని ఉబ్బసం ఉండి, కడుపు మంట అంతగా లేనివారికి ఆమ్లాన్ని తగ్గించే ఎసోమెప్రజోల్ రోజుకు రెండుసార్లు 40 మిల్లీగ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చి చూసిన అమెరికా పరిశోధన ఒకటి 2009లో వెలువడింది. అందులోనూ ఉబ్బసానికి ప్రయోజనం కనబడలేదు. కాబట్టి ఈ దిండు కొన్నామని ఇన్‌హేలర్ మానేయడం ప్రమాదం. ఉబ్బసానికి థియోఫిలిన్ మాత్రలు వాడేవారు మాత్రం గొంతు బాధ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆ మందు అన్నవాహిక అడుగున ఉండే కండరాన్ని సడలించి ఆమ్లం పైకి రావడానికి దారి ఇస్తుంది.

తయారీ విషయానికి వస్తే, ఫోమ్ గట్టిగా ఉంది, మూడు నెలలకు అణగలేదు. పైతొడుగు జిప్పు తీసి ఉతుక్కోవచ్చు, దుమ్ము పడని నాకు అది ముఖ్యం. కానీ ఆ గుడ్డ మరీ నున్నగా ఉండడం వల్ల తెల్లారేసరికి కిందికి జారిపోయి ఉంటున్నాను. మోకాళ్ల కింద చిన్న దిండు పెట్టుకుంటే కొంత ఆగుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఆమ్లం తక్కువగా వస్తుందంటారు గానీ, ఈ వాలు మీద పక్కకు తిరిగితే భుజం నొప్పి పుడుతుంది.

అయిదుకు మూడున్నర ఇస్తాను. ఒంటరిగా పడుకునేవారైతే, దీనికన్నా మంచం తలవైపు కోళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టించుకోవడం చవక. ఫోమ్ వాసన ఉండదు, పక్కకు తిరిగినా ఇబ్బంది లేదు. మా ఇంట్లో ఆ ప్రయత్నం రెండు రాత్రులకు మించి సాగలేదు, ఎందుకంటే అదే మంచం మీద పడుకునే, ఆమ్లం బాధ లేని మనిషి కూడా పొద్దున్నకల్లా కాళ్లవైపు జారి లేవడానికి ఒప్పుకోలేదు.