కాన్పు గదిలో తోడు: అమ్మా, డౌలానా?

అమెరికాలో కాన్పంటే మనవాళ్లు ముందు చేసే పని అమ్మకి విజిటర్ వీసా. డౌలా, అంటే కాన్పు వేళ పక్కనే ఉండి సాయపడేందుకు శిక్షణ పొందిన మనిషి. ఆ మాట ఎత్తితే, "పక్కన కూర్చోడానికి డబ్బులా?" అంటారు. ఊళ్లను బట్టి డౌలా ఫీజు ఒక కాన్పుకి సుమారు 1,000 నుంచి 2,500 డాలర్లు. అమ్మ వస్తే టికెట్టు, ఇన్సూరెన్సు. రెండూ కలిపితే అదీ తక్కువేం కాదు, కానీ అది ఎవరూ లెక్కేయరు.

నొప్పుల వేళ మాత్రం డౌలాదే పైచేయి అంటాను. నడుము ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు పక్కకు తిప్పాలో, ఎప్పుడు నడిపించాలో ఆమెకు చేయి తిరిగిన పని. నర్సు షిఫ్టు మారినా ఆమె కదలదు. కూతురు అరిస్తే అమ్మకే బీపీ పెరుగుతుంది, పైగా నర్సు ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది. 2017లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 26 పరిశోధనలను కలిపి చూసినప్పుడు, నొప్పులంతసేపూ పక్కన ఒకరు తోడుగా ఉన్న గర్భిణుల్లో సిజేరియన్లు తగ్గాయి. ఆ తగ్గుదల స్పష్టంగా కనిపించింది డౌలా లాంటి బయటి మనిషి ఉన్నప్పుడే. ఇంటివాళ్లున్నచోట తృప్తి పెరిగింది. అయితే డౌలా వైద్యం చేయదు. పరీక్షలూ, మందులూ ఆమె పని కాదు.

ఇంటికొచ్చాక కథ తిరగబడుతుంది. డౌలా ఒకట్రెండుసార్లు చూసి వెళ్తుంది. వెల్లుల్లి కారం, బిడ్డకు నూనె మర్దన, రాత్రి మూడింటికి ఏడుపు... ఇదంతా అమ్మే.

అమ్మ రాలేకపోతే, మొదటి కాన్పయితే, నేను డౌలాకే ఖర్చు పెడతాను. ఒరెగాన్, మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే ఆ ఖర్చూ అదే భరిస్తుంది.